కత్తెర దించిన రోజు

పోయిన వారం మిమ్మల్ని సినిమా హాలు గేటు దగ్గర నిలబెట్టి నా దారిన నేను వెళ్లిపోయాను. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డవాళ్లు నన్ను తిట్టుకునే ఉంటారు. ఇప్పుడు లోపలికి రండి.

మాది యూనిఫారాలు కుట్టే షెడ్డు. ఆసుపత్రి కోట్ల ఆర్డరు గడువులోగా పూర్తి చేశామని ఓనరు తెగ సంబరపడిపోయి, షెడ్డు మొత్తానికీ మ్యాట్నీ టికెట్లు కొన్నాడు. అదీ అందరూ ఎగబడి చూస్తున్న గూఢచారి సినిమాకి. ఇంతకుముందు వచ్చిన భాగాల్లో హీరో పక్కన కారు నడుపుతూ, అతను తుపాకీ పేల్చినప్పుడల్లా తల వంచుకునే పిల్ల ఒకతి ఉండేది. ఈసారి కథంతా ఆ పిల్లదే. ఇన్నేళ్లలో ఓనరు మాకు ఇప్పించింది టీ ఒక్కటే, అది కూడా చక్కెర చూసి చూసి వేయించేవాడు. అలాంటివాడు ఏకంగా సినిమా చూపిస్తానంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? ఊరికే వస్తున్న టికెట్టుని ఎవరు ప్రశ్నిస్తారు?

గేటు దగ్గర సంచులు వెతికే ఆవిడ మా పిన్ని సంచిలోంచి పాత గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి తీసింది. విప్పితే కత్తెర. పిన్ని రోజూ బట్ట కోసే పెద్ద కత్తెర.

"ఫైటింగు సినిమాకి ఆయుధం మీరే తెచ్చుకున్నారేంటమ్మా?" అంది ఆవిడ.

అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. పిన్ని కూడా నవ్వి, "సాన పట్టిద్దామని తెచ్చానమ్మా" అంది. కత్తెర కౌంటర్లో పెట్టుకుని పిన్నికి టోకెన్ ఇచ్చారు. అందరికంటే గట్టిగా నవ్విందాన్ని నేనే. సరిగ్గా అక్కడే పోయిన వారం ఆపాను.

ఆ నవ్వు ఎప్పుడు చచ్చిపోయిందో ఈ వారం చెబుతాను.

మేం వరసంతా ఆక్రమించుకుని కూర్చున్నాం. నాకు కుడివైపు పిన్ని, ఎడమవైపు ఓవర్‌లాక్ అక్క. ఓవర్‌లాక్ మిషను మీద కూర్చుని బట్ట అంచులు విడిపోకుండా కుడుతుంది కాబట్టి ఆ పేరు. షెడ్డులో ఎవరికీ అమ్మా నాన్నా పెట్టిన పేరు మిగల్లేదు. బొత్తాలకి కాజాలు తీసే పెద్దాయన కాజాల బాబాయ్. నేను గుండీని. మొదట్లో గుండీలు కుట్టే పనిలో చేరాను. తర్వాత కటింగు నేర్చుకుని పిన్ని పక్క బల్లకి మారాను, పేరు మాత్రం మారలేదు.

కుట్టుపని వాళ్లతో సినిమాకి వెళ్లకూడదని ఆ రోజు తెలిసింది. తెర మీద ఆ పిల్ల పదో అంతస్తు నుంచి దూకుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. మా వరస మాత్రం కోటు చూస్తోంది.

"భుజం దగ్గర ఒక్క ముడత లేదు చూడు" అన్నాడు కాజాల బాబాయ్.

"అంత బిగుతు కోటులో చెయ్యెత్తితే చంకలో చిరగాలి. చిరగలేదంటే లోపల ఇంకో ముక్క వేసుంటారు" అంది ఓవర్‌లాక్ అక్క.

"దూకిన పిల్ల బతుకుతుందో లేదో చూడండర్రా!" అని వెనక వరస నుంచి ఎవరో విసుక్కున్నారు.

నేను ఏదో జోకు వేద్దామని పిన్ని వైపు తిరిగాను. పిన్ని తెర చూడటం లేదు. కళ్లు అటే ఉన్నాయి గానీ చూపు ఎక్కడో ఉంది. చేతిలో టోకెన్ బిళ్లని బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. అప్పుడు నా బుర్రలో ఏదో చిన్నగా కదిలింది. సాన పట్టించడానికి తెచ్చానంది కదా. సాన పట్టేవాడు షెడ్డుకే వస్తాడు. మొన్ననే వచ్చాడు. పిన్ని కత్తెర వాడి చేతికి ఇచ్చిందీ నేనే, పట్టాక పీలిక మీద కోసి చూసిందీ నేనే. వెన్నలా తెగింది.

ఇక్కడ మీకు మా షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర కటింగు చేసేవాళ్ల కత్తెరలు ఇంటికి వెళ్లవు. ఎవరి బల్ల పక్కన గోడకి వాళ్ల మేకు, మేకుకి వాళ్ల కత్తెర. సెలవు పెట్టినా అక్కడే ఉంటుంది. పురిటికి వెళ్లి నెలలు రాకపోయినా అక్కడే ఉంటుంది, దాన్ని ఇంకొకరు ముట్టుకోరు. ఆ కత్తెర మేకుకి ఉన్నంతకాలం ఆ బల్ల ఆ మనిషిదే. మానేసేవాళ్లు ఆఖరి రోజున తమ కత్తెర తామే దించుకుని సంచిలో పెట్టుకుంటారు. అప్పుడు మిషన్లన్నీ ఆగిపోతాయి, అందరం లేచి నిలబడతాం. ఫలానావాళ్లు మానేశారని మేం అనం. కత్తెర దించారు అంటాం.

పిన్ని కత్తెర దించింది. ఎవరూ లేచి నిలబడకుండా, ఏ మిషనూ ఆగకుండా దించింది.

తెర మీద కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. నాకేమీ వినపడలేదు. ఎందుకు దించింది? వేరే చోట పని దొరికిందా? దొరికితే నాకు చెప్పదా? మా అమ్మ పోయినప్పటి నుంచి నన్ను కడుపులో పెట్టుకుని పెంచిన మనిషి. నా మొదటి నెలసరి ఆవిడకే తెలుసు, నా మొదటి ప్రేమలేఖ చింపిందీ ఆవిడే. నాకు తెలియకుండా పిన్ని ఉప్పు డబ్బా కూడా మార్చదు.

తర్వాత రెండో ఆలోచన వచ్చింది. మొదటిదాని కంటే పాడు ఆలోచన. ఈ రోజే ఎందుకు తెచ్చింది? మేమందరం ఇక్కడ ఉన్నాం. షెడ్డులో చీమ కూడా లేదు. తాళంచెవి ఓనరు దగ్గర ఉంది.

ఒళ్లు చల్లబడిపోయింది. ఏసీ వల్ల అనుకుందామని చూశాను, కుదరలేదు.

ఎందుకంటే కిందటి నెలలో షెడ్డు మూసేస్తారని పుకారు పుట్టింది. అవతలి పేటలో కొత్తగా పెట్టిన పెద్ద కంపెనీ మనుషుల్ని తీసుకుంటోందని తెలిసి ఓవర్‌లాక్ అక్క, ఇంకొందరు అక్కడికి వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. మర్నాడు చేరాల్సింది. వాళ్లని ఆపింది నేను. "మా పిన్ని ఓనరుని నేరుగా అడిగింది, షెడ్డు ఎక్కడికీ పోదు" అని బల్ల గుద్ది చెప్పాను. పిన్ని మాట నాకు శిలాశాసనం. నా మాట నమ్మి వాళ్లు ఆగిపోయారు. ఆ కంపెనీలో ఖాళీలు నిండిపోయాయి.

ఇంటర్వెల్ కార్డు పడేసరికి తెర మీద ఆ పిల్లకి కారు నేర్పిన గురువే ఆ పిల్ల మీద తుపాకీ గురిపెట్టాడు. హాలంతా ఈలలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముసలాడు ద్రోహి అని మొదటి సీన్లోనే తెలిసిపోయింది, వాడు వచ్చినప్పుడల్లా వెనక వయొలిన్లు ఏడుస్తూనే ఉన్నాయి మరి. బయట బతుకులో వెన్నుపోటు పొడిచేవాళ్లకి వయొలిన్లు ఉండవు. వాళ్లు పొద్దున్నే మన టిఫిను డబ్బా సర్ది, మంచినీళ్ల సీసా మర్చిపోయావని గుర్తుచేస్తారు.

"పిన్నీ, చేతులు కడుక్కుందాం రా" అన్నాను.

"నాకవసరం లేదే."

"నాకు అవసరం. రా."

నా గొంతు విని మారు మాట్లాడకుండా లేచింది.

తినుబండారాల కౌంటరు దగ్గర జనం తోసుకుంటున్నారు. దాన్ని దాటి, పోస్టర్లు అంటించిన గోడ వెంట నడిచి, మంటలొస్తే దిగే మెట్ల తలుపు దగ్గర ఆగాను. అక్కడ ఎవరూ లేరు. గోడ మీద నిలువెత్తు ఆ కారు పిల్ల రెండు చేతుల్లో రెండు తుపాకులు పట్టుకుని మమ్మల్నే చూస్తోంది.

"కత్తెర ఎందుకు దించావు?" అన్నాను.

"చెప్పాను కదే, సాన..."

"మొన్న పట్టించింది నేను. ఇంకోటి చెప్పు."

పిన్నికి అబద్ధం చెప్పడం రాదని అనుకునేదాన్ని. వచ్చు, నాతో ఎప్పుడూ అవసరం పడలేదు అంతే. చూపు నా మొహం మీంచి జారి నా చెప్పుల మీద పడింది.

"షెడ్డులో ఏం జరుగుతోంది పిన్నీ?"

"నెమ్మదిగా మాట్లాడు."

"ఏం జరుగుతోంది?"

"లారీ వస్తుంది" అంది. "సగం సినిమా అయ్యాక రమ్మన్నాడు ఓనరు. మిషన్లు ఎక్కించేస్తారు. మనం తిరిగెళ్లేసరికి..."

ఆ తర్వాత మాట అనలేకపోయింది. నేను అననిచ్చేదాన్ని కూడా కాదేమో. మనం తిరిగెళ్లేసరికి నాలుగు గోడలుంటాయి. మా కాళ్లు పడి పడి నునుపెక్కిన పెడల్స్ ఉండవు. కాజాల బాబాయ్ నడుముకి దిండు కట్టుకుని కూర్చునే కుర్చీ ఉండదు. ఇవన్నీ ఒక మధ్యాహ్నం ఖాళీ చెయ్యాలంటే మనుషులు అడ్డుంటారు. మనుషుల్ని ఎలా తప్పించాలి? సినిమాకి పంపించాలి. ఎంత తేలిక!

"నీకు ముందే తెలుసు."

పిన్ని వెళ్లి మెట్ల తలుపుకి ఆనుకుంది.

"తెలిసి నాతో అబద్ధం చెప్పించావు. నేను వెళ్లి అందరికీ ఆ అబద్ధమే పంచాను. పిన్నీ, వాళ్లు పనులు వదులుకున్నారు! కాజాల బాబాయ్‌ని ఈ వయసులో ఇంకెవరు తీసుకుంటారు?"

"అప్పుడు నాకూ సరిగ్గా తెలీదే. ఆ తర్వాత చెప్పాడు."

"ఆ తర్వాత నువ్వు నాతో చెప్పొచ్చుగా? రోజూ ఒకే గదిలో పడుకుంటున్నాం."

ఎదురుగా ఉన్న మనిషిని గిల్లాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యకుండా అలాగే నిలబడ్డాను. అంతలో గుర్తొచ్చింది. ఇంతసేపూ నాకు ఎందుకు తట్టలేదో తెలీదు.

"మరి అమ్మ కత్తెర?"

పిన్ని చప్పున తలెత్తింది.

ఇప్పుడు నేను కటింగు చేసే బల్ల ఒకప్పుడు మా అమ్మది. అమ్మ పోయాక కూడా ఆ కత్తెర మేకు మీదే ఉండిపోయింది. దించుకోవాల్సిన మనిషి లేదు, ఇంకెవరూ దించడానికి వీల్లేదు. నేను కటింగు నేర్చుకున్నాక పిన్నే దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. పిడి దగ్గర అమ్మ బొటనవేలికి అరిగిన చోట ఇప్పుడు నా వేలు పడుతుంది. అమ్మది నా దగ్గర ఉన్న వస్తువు అదొక్కటే. నా మేకూ పిన్ని మేకూ పక్కపక్కనే ఉంటాయి, జానెడు దూరంలో.

"నీది తెచ్చుకున్నావు. పక్కనే ఉన్న అమ్మది వదిలేశావు."

"రెండూ తీస్తే నీకు తెలిసిపోతుందనే..."

"ఓహో."

"అది ఎక్కడికీ పోదే పిచ్చిదానా. మిషన్లతో పాటు లారీలోనే వస్తుంది. బల్లలు, గోడకున్నవి అన్నీ కొత్త చోటికే."

"లారీలో వస్తే నీది ఎందుకు తెచ్చుకున్నావు మరి?"

పిన్ని టోకెన్ బిళ్లని పిడికిట్లో దాచుకుంది.

"లారీ వాళ్లని నమ్మలేక నీది సంచిలో వేసుకున్నావు. నీ అక్కది మాత్రం నమ్మి వదిలేశావు. అంతేగా?"

అప్పుడు ఏడ్చింది పిన్ని. నాకు జాలి వేయలేదు. వేస్తుందేమోనని భయపడ్డాను, వేయలేదు. ఎంత నమ్మించి గొంతు కోసింది!

ఆమె కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఇంకో మాట గుర్తొచ్చింది. కొత్త చోటికి అంది. వస్తుంది అంది, పోతుంది అనలేదు.

"కొత్త చోటు అంటే?"

"ఊరి బయట. చిన్నదిలే. అంతా కొత్తవాళ్లని పెట్టుకుంటాడట, జీతం తక్కువకి వస్తారని. కటింగుకి మాత్రం పాతవాళ్లు కావాలన్నాడు."

"నువ్వు."

"నేనూ... నువ్వూ."

కౌంటరు వైపు నుంచి వేయించిన మొక్కజొన్న వాసన వస్తోంది, ఎవరో చిల్లర కోసం గొడవ పడుతున్నారు. లోకం హాయిగా ఉంది.

"అసలు ఆయనకి నేను అక్కర్లేదే" అంది పిన్ని, గొంతు బాగా తగ్గించి. "నా చూపు సంగతి ఆయనకి తెలిసిపోయింది. పొద్దున్నే నువ్వు వచ్చి నా సుద్దగీతలు మళ్లీ దిద్దుతావని ఎవరో చెప్పారు. నువ్వు వస్తేనే నాకు చోటు. లేకపోతే నన్ను కూడా వాళ్లతోనే వదిలేస్తానన్నాడు. ఈ కళ్లతో నేను ఎక్కడికెళ్లి ఏం పని అడగనే?"

ఆ గీతలు నేను రెండేళ్లుగా దిద్దుతున్నాను. పిన్ని కళ్లు మసకబారాయని షెడ్డులో ఎవరికీ తెలియకూడదని, అందరికంటే ముందు వెళ్లి, కోతకని ముందురోజు ఆవిడ బట్ట మీద గీసిన వంకర గీతలు చెరిపి కొత్తవి గీసేదాన్ని. కోటు చెయ్యి పొట్టి అయితే ఆ తప్పు నా మీద వేసుకునేదాన్ని. ఒక్కసారి కూడా ఆవిడకి గుర్తుచేయలేదు. నేను పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆవిడ దాన్ని తీసుకెళ్లి బేరం పెట్టింది.

"నన్ను అడగలేదు."

"అడిగితే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను. ఇప్పుడూ ఒప్పుకోను." హాలు తలుపు వైపు తిరిగాను. "లోపలికెళ్లి అందరికీ చెబుతాను. షెడ్డు ఇక్కడికి రెండు వీధుల అవతల. ఇప్పుడే లేచి పరిగెడితే లారీకి అడ్డంగా నిలబడొచ్చు. ఒక్క మిషను కూడా గడప దాటదు."

"ఆగవే!" పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతి బలం నాకు తెలుసు. ఆరు పొరల బట్ట ఒక్క ఊపులో కోసే చెయ్యి. "నా మాట విను. ఆయనకి మాటిచ్చేశాను. నువ్వు ఒప్పుకున్నావని కూడా చెప్పేశాను. వచ్చే సోమవారం నుంచి మనిద్దరం అక్కడే..."

"ఎక్కడ?"

అది నా గొంతు కాదు.

వెనక్కి తిరిగి చూస్తే ఓవర్‌లాక్ అక్క నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు పాప్‌కార్న్ పొట్లాలు. ఒకటి నా కోసమే కొన్నట్టుంది, నేను తినేది వెన్న లేనిది. ఎప్పటి నుంచి అక్కడుందో తెలీదు.

"సోమవారం నుంచి మీరిద్దరూ ఎక్కడే?"

"అక్కా, విను." చెయ్యి విదిలించుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. "షెడ్డు ఖాళీ చేసేస్తున్నారు. మనల్ని ఇక్కడ కూర్చోబెట్టి అక్కడ లారీ ఎక్కిస్తున్నారు. ఇంకా సమయం ఉంది, అందర్నీ పిలువు, పరిగెడదాం."

ఆమె కదల్లేదు. మొహంలో రంగు మారడం కళ్లారా చూశాను. ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. తర్వాత నన్ను అంతకుముందెప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

"షెడ్డు ఎక్కడికీ పోదని నాతో చెప్పింది నువ్వే కదే?"

"నేనే. నాకూ తెలీదక్కా. ఇప్పుడే తెలిసింది, ఇక్కడే, ఈ గోడ దగ్గరే."

"ఇప్పుడే తెలిసినదానికి సోమవారం నుంచి అక్కడ పని ఎలా ఖాయమైంది?"

"నేను ఒప్పుకోలేదక్కా! నా తరఫున..."

"నా కూతురి కాలేజీ సంగతి నీకు తెలుసు. ఆ కంపెనీలో చేరిపోదామనుకుంటే చెయ్యి పట్టుకుని ఆపావు. నా చెయ్యి పట్టుకుని!" పాప్‌కార్న్ ఒలికి మా కాళ్ల మీద పడింది, ఎవరం చూడలేదు. "నిన్ను చెల్లెలనుకున్నాను కదే."

రెండో సగం మొదలవుతోందని బెల్లు మోగింది. జనం మమ్మల్ని రాసుకుంటూ లోపలికి వెళ్తున్నారు. కాజాల బాబాయ్, ఇంకో నలుగురు మా వాళ్లు కూల్‌డ్రింకు సీసాలతో అటు వెళ్లబోతూ అక్క గొంతు విని ఆగారు.

అక్క నన్ను వదిలి పిన్ని వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు పెద్దమ్మా. ఇది చెప్పేది నేను నమ్మను. నువ్వు చెబితే నమ్ముతాను. దీనికి నిజంగా తెలీదా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. పిన్ని ఎంత తప్పు చేసినా ఈ ఒక్క మాట చెబుతుంది. దానికి తెలీదు, పాపం దానిది కాదు అంటే చాలు. అందరం పరిగెత్తేవాళ్లం. ఆ తర్వాత ఆమెని ఏమనాలో తీరిగ్గా ఆలోచించుకునేదాన్ని.

పిన్ని కళ్లు తుడుచుకుంది. అందరి మొహాలూ ఒకసారి చూసి, చివరికి నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. నేను ఎక్కడ చెయ్యి జారిపోతానో అన్న భయం. ఏం చేయబోతోందో నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. వీళ్లంతా నన్ను వెలివేస్తే నేనిక ఆవిడ వెంటే వెళ్లాలి. వద్దు పిన్నీ అనాలని నోరు తెరిచాను.

"మొదటి నుంచీ తెలుసు" అంది పిన్ని. "మేమిద్దరం కలిసే ఒప్పుకున్నాం."